గెలాక్సీ నడిమధ్యన పొయ్యి: పెరిగే కృష్ణబిలాల వందేళ్ల చరిత్ర



మన గ్రూపులో చరిత్ర పోస్టు అంటే ఎక్కువగా రాజుల కాలం, పోరాటాల కాలం, చట్టాల కాలం. ఈసారి ఇంకొంచెం దూరం పోదాం. ఇదీ చరిత్రే, కాకపోతే ఒక ప్రశ్న చరిత్ర. గెలాక్సీ మధ్యలో కూర్చున్న ఒక చిన్న వస్తువు, ఆ గెలాక్సీలో కొత్త నక్షత్రాలు పుట్టాలా వద్దా అనేది ఎలా తేలుస్తుంది? ఈ ప్రశ్నను సరిగ్గా అడగడానికే మనుషులకు ఎనభై ఏళ్లు పట్టింది. పోస్టు పెద్దదే, తీరిక ఉన్నప్పుడు చదవండి.

ముందు సైజు సంగతి చూద్దాం. లేకపోతే ఇందులో వింత ఏముందో అర్థం కాదు. మన పాలపుంత మధ్యలో ఉన్న కృష్ణబిలం బరువు సూర్యుడికి సుమారు 40 లక్షల రెట్లు. వినడానికి పెద్దగానే ఉంది. కానీ దాని అడ్డుకొలత రెండున్నర కోట్ల కిలోమీటర్ల లోపే. అంటే బుధగ్రహం తిరిగే దారిలో హాయిగా పడుతుంది. పాలపుంత అడ్డుకొలతేమో లక్ష కాంతి సంవత్సరాలు. కాశ్మీర్ నుంచి కన్యాకుమారి దాకా ఉన్న దేశం మొత్తాన్ని పాలపుంత అనుకుంటే, ఆ కృష్ణబిలం ఒక వెంట్రుక మందం ఉంటుంది. వెంట్రుకంత వస్తువు దేశం మొత్తాన్ని శాసిస్తుందంటే ఎవరైనా నవ్వుతారు. శాస్త్రవేత్తలు కూడా చాలాకాలం అలాగే అనుకున్నారు.

కథ 1918లో మొదలుపెట్టొచ్చు. అమెరికాలోని లిక్ అబ్జర్వేటరీలో హీబర్ కర్టిస్ అనే ఆయన ఎం87 అనే మసకమచ్చను ఫొటో తీశాడు. దాని మధ్యలోంచి ఒక సన్నని గీత నేరుగా బయటికి పొడుచుకొచ్చి ఉంది. ఆయన దాన్ని చూశాడు, రాసిపెట్టాడు, అంతే. అది గెలాక్సీ అని కూడా అప్పటికి ఎవరికీ తెలియదు. 1943లో కార్ల్ సీఫర్ట్ ఇంకో వింత గమనించాడు. కొన్ని గెలాక్సీల నడిబొడ్డు మామూలు కంటే చాలా కాంతిగా ఉంది, అక్కడి వాయువు సెకనుకు వేల కిలోమీటర్ల వేగంతో కదులుతోంది. ఆయన చూసినవాటిలో ఎన్‌జీసీ 1275 ఒకటి. ఈ పేరు గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

అసలు తలుపు తెరిచింది రేడియో. రెండో ప్రపంచ యుద్ధం అయిపోయాక రాడార్ పనిలో ఆరితేరిన కుర్రాళ్లు ఆ పరికరాలను ఆకాశం వైపు తిప్పారు. సిగ్నస్ రాశిలో ఒకచోట నుంచి విపరీతమైన రేడియో తరంగాలు వస్తున్నాయి. దానికి సిగ్నస్ ఎ అని పేరు. అది ఏ ఆకారంలో ఉందో తేల్చింది ఇంగ్లండ్‌లోని జోడ్రెల్ బ్యాంక్‌లో పనిచేసే ఇద్దరు పరిశోధక విద్యార్థులు. ఒకరు రోజర్ జెన్నిసన్. ఇంకొకరు మృణాల్ కుమార్ దాస్‌గుప్తా, కలకత్తా నుంచి వెళ్లిన మనిషి. రెండు ఏంటెనాలను దూరదూరంగా పెట్టి, వాటికి అందిన సంకేతాలను పోల్చిచూసే పద్ధతి వాళ్లది. 1953లో ఫలితం అచ్చయింది. రేడియో తరంగాలు ఒక చుక్క నుంచి కాదు, పక్కపక్కన ఉన్న రెండు పెద్ద ముద్దల నుంచి వస్తున్నాయి. ఆ రెండు ముద్దల నడుమ గెలాక్సీ ఉంది. గెలాక్సీ లోపలి నుంచి ఏదో రెండు వైపులా బయటికి చిమ్ముతోందని ఇవాళ మనం సులువుగా చెప్పగలుగుతున్నామంటే, దాని మొదటి ఆధారం ఇదే. దాస్‌గుప్తా పేరు మన పాఠ్యపుస్తకాల్లో ఉండాల్సింది, నాకైతే ఎక్కడా కనపడలేదు.

అదే సమయంలో అమెరికాలో ఒక పందెం నడిచింది. రెండు గెలాక్సీలు గుద్దుకోవడం వల్లే సిగ్నస్ ఎ అలా అరుస్తోందని వాల్టర్ బాడే అన్నాడు. రుడాల్ఫ్ మింకోవ్‌స్కీ నమ్మలేదు. విస్కీ సీసా పందెం. వర్ణపటం తీశాక మింకోవ్‌స్కీ ఓడిపోయానని ఒప్పుకున్నాడు. తమాషా ఏంటంటే, ఆ గుద్దుకోవడం వివరణ నిలబడలేదు. ఆ ముద్దల్లో ఎంత శక్తి దాగుందో జెఫ్రీ బర్బిడ్జ్ లెక్కకట్టి చూస్తే, ఢీకొనడం వల్ల గానీ మామూలు నక్షత్రాలు మండడం వల్ల గానీ అంత శక్తి పుట్టడం కష్టమని తేలింది.

1963లో మార్టెన్ ష్మిట్ ఇంకో బాంబు పేల్చాడు. 3సి 273 అనే రేడియో వస్తువు చూడ్డానికి మామూలు నక్షత్రంలా ఉంది. కానీ దాని కాంతి వర్ణపటం 16 శాతం దాకా ఎరుపు వైపు జరిగి ఉంది. అంటే అది రెండు వందల కోట్ల కాంతి సంవత్సరాలకు పైగా దూరంలో ఉంది. అంతదూరంలో ఉండి కూడా చిన్న టెలిస్కోప్‌కు కనబడుతోందంటే ఒక గెలాక్సీ మొత్తం కంటే ఎన్నో రెట్లు వెలుగుతుండాలి. వీటికే క్వాసార్లు అని పేరు వచ్చింది. దాని చోటు అంత కచ్చితంగా తెలిసింది సిరిల్ హజార్డ్ వల్ల. చంద్రుడు దానికి అడ్డం వచ్చే క్షణాన్ని ఆయన ఆస్ట్రేలియాలోని పార్క్స్ రేడియో టెలిస్కోప్‌తో లెక్కపెట్టాడు. ఆ వ్యాసం చదివిన గోవింద్ స్వరూప్‌కు ఇక్కడ మనమూ ఇదే పద్ధతిలో చేయొచ్చు కదా అనిపించింది. అలా నీలగిరుల్లో, ఊటీ దగ్గర, ఒక కొండవాలు మీద 530 మీటర్ల పొడవైన రేడియో టెలిస్కోప్ లేచింది. 1970 నుంచి అది పనిచేస్తోంది.

మరి ఆ వెలుగు ఎక్కడిది? 1964లో సోవియట్ యూనియన్‌లో జెల్డోవిచ్, అమెరికాలో సాల్‌పీటర్ ఎవరికి వారు ఒకే మాట చెప్పారు. బాగా బరువైన వస్తువులోకి వాయువు పడిపోతూ వేడెక్కితే చాలు. హైడ్రోజన్ హీలియంగా మారేటప్పుడు కిలోకు సుమారు 7 గ్రాముల పదార్థం శక్తిగా మారుతుంది. కృష్ణబిలం చుట్టూ సుడి తిరుగుతూ పడిపోయేటప్పుడు కిలోకు దాదాపు 100 గ్రాములు మారుతుంది. అంటే మింగే నోటికంటే, నోటి బయట జరిగే రాపిడే అసలు పొయ్యి. కృష్ణబిలం లోపలి నుంచి ఏదీ బయటికి రాదు, నిజమే. కానీ ఈ కథలో శక్తి అంతా లోపలికి పోకముందే పుట్టేస్తుంది. ఈ ఒక్క ముక్క అర్థమైతే మిగతాదంతా తేలిక. 1969లో డోనాల్డ్ లిండెన్‌బెల్ ఇంకో అడుగు వేశాడు. ఒకప్పుడు క్వాసార్లు అన్ని ఉన్నాయి కదా, ఇప్పుడవి ఏమైనట్టు? మేత అయిపోయి చల్లారి ఉంటాయి, మన చుట్టుపక్కల గెలాక్సీల నడుమనే దాక్కుని ఉంటాయి అన్నాడు.

అది నిజమని తేలడానికి హబుల్ టెలిస్కోప్ దాకా ఆగాల్సి వచ్చింది. 1990లలో ఒక్కో గెలాక్సీ మధ్యలో నక్షత్రాల, వాయువుల వేగాలు కొలుస్తూ పోతే, దాదాపు ప్రతి పెద్ద గెలాక్సీలోనూ కృష్ణబిలం దొరికింది. అప్పుడు బయటపడింది అసలు వింత. 2000లో రెండు బృందాలు, ఫెర్రరీస్, మెరిట్ ఒకవైపు, గెభార్ట్ బృందం ఇంకోవైపు, ఒకే సంబంధాన్ని ప్రకటించాయి. గెలాక్సీ మధ్యభాగంలో నక్షత్రాలు ఎంత వేగంగా అటూఇటూ కదులుతుంటాయో, కృష్ణబిలం బరువు దానికి తగ్గట్టే ఉంటోంది. ఆ నక్షత్రాల్లో ఎక్కువభాగం ఎంత దూరంలో ఉన్నాయంటే, కృష్ణబిలం ఆకర్షణ వాటికి దాదాపు తెలియనే తెలియదు. కృష్ణబిలం బరువు ఆ మధ్యభాగం బరువులో ఐదువందల వంతు లాంటిది. అయినా రెండూ కలిసి పెరిగినట్టు లెక్క తేలుతోంది. ఒకరి సంగతి ఒకరికి ఎలా తెలిసింది?

లెక్క వేస్తే జవాబు సాధ్యమే అనిపిస్తుంది. పెద్ద కృష్ణబిలం పెరిగేటప్పుడు మొత్తం మీద విడుదలయ్యే శక్తి, ఆ గెలాక్సీ మధ్యభాగాన్ని చెల్లాచెదురు చేయడానికి కావలసిన శక్తి కంటే పదుల రెట్లు, ఒక్కోసారి వందల రెట్లు ఎక్కువ. అందులో చిన్న వంతు వాయువుకు తగిలినా సరిపోతుంది. 1998లోనే సిల్క్, రీస్ అనే ఇద్దరు కాగితం మీద ఈ మాట రాశారు. కృష్ణబిలం ఒక హద్దు దాకా పెరుగుతుంది, ఆ తర్వాత తన వేడితో తనకొచ్చే మేతను తానే తరిమేస్తుంది. కాగితం మీద సరే. కళ్లకు కనిపించాలి కదా.

ఇప్పుడు ఎన్‌జీసీ 1275 దగ్గరికి వద్దాం. ఇది పెర్సియస్ అనే గెలాక్సీల గుంపు మధ్యలో ఉంది, మనకు సుమారు 24 కోట్ల కాంతి సంవత్సరాల దూరం. ఇలాంటి గుంపుల్లో గెలాక్సీల మధ్య ఖాళీ అంతా కోట్ల డిగ్రీల వేడి వాయువుతో నిండి ఉంటుంది. దాని వేడికి అది ఎక్స్‌రేలు వదులుతుంది. ఆకాశంలో ఎక్స్‌రేల పటం మొదటిసారి గీసిన ఉపగ్రహం 1970 డిసెంబర్ 12న కెన్యా తీరం నుంచి ఎగిరింది. ఆ రోజు కెన్యా స్వాతంత్ర్య దినం. అందుకే దానికి ఉహురు అని పేరు పెట్టారు, స్వాహిలీలో స్వేచ్ఛ అని అర్థం. గుంపుల్లో వేడి వాయువు పరుచుకుని ఉందని స్పష్టంగా చూపించింది అదే.

ఇక్కడ ఒక చిక్కు వచ్చింది. ఎక్స్‌రేలు వదిలేకొద్దీ వాయువు చల్లారాలి. మధ్యలో వాయువు చిక్కగా ఉంటుంది కాబట్టి అక్కడ ఇంకా త్వరగా చల్లారాలి. చల్లారితే మధ్య గెలాక్సీలోకి జారాలి, నక్షత్రాలుగా మారాలి. 1977లో రెండు బృందాలు ఈ లెక్క వేశాయి. కొన్ని గుంపుల్లో ఏడాదికి వందల సూర్యులంత వాయువు చల్లారి పడుతుండాలని తేలింది. మన పాలపుంతలో ఏడాదికి పుట్టేది ఒకటి రెండు సూర్యులంత. మరి ఆ మధ్య గెలాక్సీలు చూస్తే ఎక్కువగా ముసలి ఎర్ర నక్షత్రాలే. నీలి నక్షత్రాలు త్వరగా చచ్చిపోతాయి కాబట్టి, గెలాక్సీ ఎర్రగా ఉందంటే చాలాకాలంగా కొత్త పుట్టుకలు లేవని గుర్తు. అంత వాయువు చల్లారి ఎక్కడికి పోయినట్టు? ఇరవై ఏళ్లకు పైగా దానికోసం వెతికారు. 1999 డిసెంబర్‌లో వెళ్లిన ఎక్స్‌ఎంఎం న్యూటన్ ఉపగ్రహం చూసి చెప్పిందేమిటంటే, చల్లారిన వాయువు అసలు లేనే లేదు, మహా అయితే చుట్టూ ఉన్న వేడిలో మూడో వంతు దాకా తగ్గి ఆగిపోతోంది. ఎవరో కింద మంట పెడుతున్నారు.

అదే ఏడాది జులైలో కొలంబియా షటిల్ ఇంకో ఎక్స్‌రే టెలిస్కోప్‌ను మోసుకెళ్లింది. దాని పేరు చంద్ర, మన సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ పేరు మీద. చచ్చిన నక్షత్రం బరువుకు ఒక హద్దు ఉందని, ఆ హద్దు దాటితే తెల్లమరుగుజ్జుగా నిలబడలేదని పందొమ్మిదేళ్ల వయసులో ఓడ మీద ఇంగ్లండ్‌కు పోతూ లెక్కకట్టిన మనిషి ఆయన. 1935లో అప్పటి పెద్దమనిషి ఎడింగ్‌టన్ నిండు సభలో దాన్ని కొట్టిపారేశాడు. నోబెల్ వచ్చింది 1983లో.

చంద్ర తీసిన పెర్సియస్ ఫొటో చూస్తే ఎవరికైనా అర్థమవుతుంది. వేడి వాయువు నడుమ, గెలాక్సీకి రెండు పక్కలా, పెద్ద పెద్ద బుడగల్లాంటి ఖాళీలు. అంతకుముందు 1993లో రోశాట్ ఉపగ్రహంతోనే వాటి ఆనవాలు దొరికింది. ఇప్పుడు రేడియో పటాన్ని దాని మీద పరిచి చూస్తే, రేడియో ముద్దలు సరిగ్గా ఆ ఖాళీల్లో కూర్చున్నాయి. 1953లో దాస్‌గుప్తా, జెన్నిసన్ చూసిన జంట ముద్దల పని ఏమిటో ఇక్కడ తెలిసింది. కృష్ణబిలం దగ్గరి నుంచి చిమ్మిన ధారలు వేడి వాయువును పక్కకు నెట్టి బుడగలు ఊదుతున్నాయి. బుడగలు నీళ్లలో గాలిబుడగల్లా పైకి తేలిపోతాయి, కింద కొత్తవి పుడతాయి. 2003లో కేంబ్రిడ్జ్‌కు చెందిన ఆండ్రూ ఫేబియన్ బృందం ఆ బుడగల చుట్టూ అలలు కూడా చూసింది, చెరువులో రాయి వేస్తే వచ్చే అలల్లాగా. అవి శబ్ద తరంగాలే. ఒక్కో అలకు సుమారు కోటి ఏళ్లు. హార్మోనియం లెక్కలో చెబితే మధ్య సి కంటే 57 స్థాయిలు కింద ఉన్న బి ఫ్లాట్ స్వరం. మన చెవికి సెకనుకు 20 సార్ల కంటే తక్కువ ఊగితేనే వినపడదు, ఇదేమో కోటి ఏళ్లకు ఒక ఊపు. 2022లో నాసా దాన్ని వినపడే స్థాయికి పెంచి విడుదల చేస్తే ఫోన్లలో తెగ తిరిగింది. అంతరిక్షంలో శబ్దం ఉండదని బళ్లో చదివాం కదా అని కొందరు గొడవపడ్డారు కూడా. వాయువు ఉన్నచోట శబ్దం ఉంటుంది, అంతే.

ఇది నడిచే తీరు చెప్పాలంటే కట్టెలపొయ్యి మీద అన్నం గుర్తుతెచ్చుకోండి. మంట ఎక్కువైతే గంజి పొంగుతుంది. పొంగిన గంజి పొయ్యిలో పడితే మంట తగ్గుతుంది. మంట తగ్గితే పొంగు ఆగుతుంది, కాసేపటికి కట్టె మళ్లీ రాజుకుంటుంది. పెర్సియస్‌లో వరస ఇంకోలా మొదలవుతుంది గానీ బిగింపు అదే. వాయువు చల్లారి లోపలికి జారితే కృష్ణబిలానికి మేత. మేత దొరికితే ధారలు చిమ్ముతాయి, బుడగలు లేస్తాయి, వాయువు వేడెక్కుతుంది. వేడెక్కితే జారడం తగ్గుతుంది, మేత తగ్గుతుంది, ధార నీరసపడుతుంది. మళ్లీ చల్లారడం మొదలు. ఎవరూ గరిటె పట్టుకుని నిలబడలేదు, దానికదే సర్దుకుంటోంది. పూర్తిగా ఆగిపోదు కూడా. ఎన్‌జీసీ 1275 చుట్టూ చల్లని వాయువు దారాలు వేలాడుతున్నాయి. ఒక్కోటి 200 కాంతి సంవత్సరాల మందం, కొన్ని 20,000 కాంతి సంవత్సరాల పొడవు. అంత సన్నని దారాలు తెగిపోకుండా అయస్కాంత క్షేత్రాలు పట్టుకుని ఉన్నాయని 2008లో హబుల్ చిత్రాలతో తేల్చారు.

ఇంతకీ బుడగల శక్తి వాయువులో ఎలా కలుస్తోంది? సుడులు తిరగడం వల్లనా, శబ్దం వల్లనా? దీనికోసం జపాన్ 2016 ఫిబ్రవరి 17న హితోమి అనే ఉపగ్రహం పంపింది. ఐదు వారాల్లో అది అదుపుతప్పి గిరగిరా తిరిగి ముక్కలైపోయింది. కానీ పోయేలోపు పెర్సియస్ వైపు చూసింది. మధ్యలో వాయువు కదలికల వేగం సెకనుకు 164 కిలోమీటర్లని కొలిచింది. అంత పెద్ద ధారల పక్కన అది నిమ్మళమైన వాయువు కిందే లెక్క. అంటే శక్తి పెద్ద తుఫానులా కాకుండా నిదానంగా దిగుతోంది. దాని బదులు క్రిజ్మ్ అనే ఉపగ్రహం 2023 సెప్టెంబర్‌లో వెళ్లింది, ఆ కొలతలు ఇప్పుడు కొనసాగుతున్నాయి.

పెర్సియస్ కంటే పెద్ద విస్ఫోటనం ఓఫియుకస్ గుంపులో దొరికింది. మనకు 39 కోట్ల కాంతి సంవత్సరాల దూరం. 2016లోనే చంద్ర చిత్రంలో ఒక వంకర అంచు కనిపించింది. అది బుడగ గోడ అయితే దానికి కావలసిన శక్తి మరీ ఎక్కువని ఆ పరిశోధకులు ఆ ఆలోచన వదిలేశారు. 2020లో సిమోనా జియాచింటుచ్చి బృందం రేడియో పటాలు తెచ్చి పక్కన పెడితే, అంచుకు అవతల భాగం నిండా రేడియో కాంతే. అది బుడగే. పాలపుంతలాంటివి పదిహేను వరసగా పేర్చొచ్చు అందులో. అంతకుముందు తెలిసిన అతిపెద్ద విస్ఫోటనం కంటే అయిదు రెట్ల శక్తి. ఆ రేడియో పటాల్లో ఒకటి పుణె జిల్లాలోని ఖోడద్ ఊరి దగ్గరున్న జీఎంఆర్‌టీది. 45 మీటర్ల గిన్నెలు 30, గోవింద్ స్వరూప్ నాయకత్వంలో కట్టినవి. రేకులకు బదులు సన్నని తీగల జల్లెడతో చేశారు, గాలికి ఆగుతాయి, ఖర్చు తగ్గుతుంది.

ధారలే కాదు, ఇంకో దారి కూడా ఉంది. కృష్ణబిలం క్వాసార్‌గా ధగధగా వెలిగేటప్పుడు కాంతి ఒత్తిడికే గాలులు లేస్తాయి. మర్కారియన్ 231 అనే గెలాక్సీలో ఏడాదికి వందల సూర్యులంత చల్లని వాయువు బయటికి పారిపోతోందని 2010లో కొలిచారు. నక్షత్రాలు పుట్టాల్సిన ముడిసరుకు అది.

ఇక్కడ నా మాట ఒకటి. యూట్యూబ్ వీడియోల్లో కృష్ణబిలం గెలాక్సీని చంపేస్తుంది అని ఢంకా కొట్టి చెబుతారు. పెర్సియస్ లాంటి గుంపుల్లో ఆధారం గట్టిగా ఉంది, ఒప్పుకుందాం. కానీ అన్ని గెలాక్సీలకూ అదే కారణం అనడం తొందరపాటు. 2005, 2006ల్లో వచ్చిన కంప్యూటర్ నమూనాల్లో ఈ వేడిని కలిపితేనే పెద్ద గెలాక్సీల సంఖ్య ఆకాశంతో సరిపోయింది. సరిపోవడం వేరు, రుజువు వేరు. పైగా గెలాక్సీలు ఒకదాన్నొకటి కలుపుకుంటూ పోతే బరువుల మధ్య సంబంధం చాలావరకు సగటు లెక్కగా దానంతట అదే రావచ్చని వాదించిన వాళ్లూ ఉన్నారు. ఇంకో మెలిక చూడండి. ఎన్‌జీసీ 541 గెలాక్సీ నుంచి వచ్చే ధార ఒక వాయువు మేఘానికి తగిలి, అక్కడ కొత్త నక్షత్రాలను పుట్టిస్తోంది. దాని పేరు మింకోవ్‌స్కీ వస్తువు, విస్కీ పందెం ఓడిన ఆయన పేరే. ఆర్పే నీళ్లే ఒక్కోచోట మొలకెత్తిస్తాయి.

మన ఇంటి సంగతి కూడా చెప్పాలి. పాలపుంత కృష్ణబిలం ఇప్పుడు దాదాపు ఉపవాసంలో ఉంది. కానీ 2010లో ఫెర్మి ఉపగ్రహం సమాచారంలో పాలపుంతకు పైన ఒకటి, కింద ఒకటి, ఒక్కోటి 25,000 కాంతి సంవత్సరాల ఎత్తున్న గామా కిరణాల బుడగలు బయటపడ్డాయి. కొన్ని లక్షల ఏళ్ల కిందటో, కొన్ని పదుల లక్షల ఏళ్ల కిందటో మన కృష్ణబిలం బాగా మేసి ఉంటుందని చాలామంది అంటారు. కాదు, నక్షత్రాల పేలుళ్ల పనే అని వాదించేవాళ్లూ ఉన్నారు.

ఇప్పుడు అందరూ తల పట్టుకుంటున్నది మొదటి కాలం గురించి. కోయంబత్తూరులో పుట్టిన ప్రియంవద నటరాజన్ ఎన్నో ఏళ్లుగా ఒక మాట చెబుతూ వచ్చారు. తొలినాటి కృష్ణబిలాల్లో కొన్ని నక్షత్రాలు చచ్చి కాదు, పెద్ద వాయువు మేఘాలే నేరుగా కుప్పకూలి పుట్టి ఉండాలి, అలాంటి చోట్ల కృష్ణబిలం బరువు తన గెలాక్సీ నక్షత్రాల బరువుతో సమానంగా ఉండాలి అని. 2023లో జేమ్స్ వెబ్, చంద్ర కలిసి యూహెచ్‌జడ్1 అనే గెలాక్సీని చూశాయి. మహావిస్ఫోటనం అయిన 47 కోట్ల ఏళ్లకే ఉన్న గెలాక్సీ అది. దాని మధ్యలో ఎక్స్‌రేలు వదులుతున్న కృష్ణబిలం బరువు దాదాపు గెలాక్సీ నక్షత్రాలన్నిటి బరువంత ఉన్నట్టు అంచనా. ఐదువందల వంతు కాదు, సరిసమానం. అలాంటిది అక్కడి నుంచి ఇవాళ్టి ఐదువందల వంతుకు ఎలా వచ్చిందో, ఈ మధ్యలో కృష్ణబిలం ఆగి గెలాక్సీ పెరిగిందో ఏమో, వెబ్ పంపిస్తున్న ఫొటోల్లో ఇప్పుడు వెతుకుతున్నారు.